కొమ్ము తేడా

హబ్సిగూడలో మా గది కిటికీ తెరుచుకోదు.
సర్వర్లకు చలి కావాలి కనుక
మే నెలలో కూడా శాలువా కప్పుకుని కూర్చుంటాను.
తెర మీద మూడు వందల కోట్ల అక్షరాలు.
నిజానికి నాలుగే.
ఏ, సీ, జీ, టీ.
ఒత్తుల్లేవు, దీర్ఘాల్లేవు,
ఊపిరి పీల్చుకోడానికి ఒక్క కామా లేదు.

నాలుగు వందల పదిహేడో నమూనా ఎవరిదో
నాకు తెలియకూడదు. నియమం అది.
కానీ అంగీకార పత్రాలు స్కాన్ చేసిన రోజు చూశాను:
'జన్యు పరీక్ష' అని ఉండాల్సిన చోట 'జన్య' అని పడితే
ఎర్ర పెన్నుతో కొమ్ము తగిలించి,
మార్జిన్‌లో ప్రూఫు గుర్తు గీసి,
ఆ తర్వాతే సంతకం పెట్టారొకరు.
సుగుణాకర్. చిక్కడపల్లిలో ఏదో ప్రెస్సు.
ముప్ఫై ఏళ్లు పంచాంగాలూ పెళ్లికార్డులూ దిద్దిన మనిషి
బుగ్గలో జర్దా కింద పుండును మాత్రం
రెండేళ్లు దిద్దకుండా వదిలేశాడు.
ఆయన పదిహేడో క్రోమోజోమ్ మీద
సీ ఉండాల్సిన చోట టీ పడింది.
అక్కడ మార్జిన్ లేదు.
ఎర్ర పెన్ను ఆనదు.

ఇక యంత్రం సంగతి.
ఆరువేల గాజుపలకలు చూపించాం దానికి,
గులాబీ, ఊదా రంగుల్లో పల్చటి కండ కోతలు.
ఇది ముదిరింది, ఇది ఇంకా లేదు అంటూ
చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించినట్టు.
మార్చికల్లా నూటికి తొంభైయారు ఒప్పు చెప్పింది.
సార్ బాదుషా తెప్పించారు.
నాకే నిద్ర పట్టలేదు,
ఇంత తొందరగా ఎవరు నేర్చుకుంటారు?

నీ చూపెక్కడుందో రంగు వేసి చూపించు, అన్నాను.
కణాల మీద లేదు.
కణితి అంచు మీదా లేదు.
పలక మూలన
ఆవగింజంత ఆకుపచ్చ సిరా చుక్క మీద
ఎర్రగా మండుతోంది.

ఆటో ఎక్కి రెడ్‌హిల్స్ ల్యాబుకు పోయాను.
ఫిర్దౌస్ బేగం, ఇరవై రెండేళ్లుగా మైనం దిమ్మలు కోస్తున్న చేతులు
ఒకదాన్నొకటి పట్టుకుని చెప్పాయి:
"దూరం నుంచి వచ్చినోళ్లవి మేడమ్ అవి.
ఇమ్లీబన్‌ల ఏడింటి బస్సు తప్పితే
రాత్రంత ప్లాట్‌ఫారం మీదనే పంటరు.
డాక్టర్ సాబ్ జల్ది చూడాలని చుక్క పెడత.
తప్పయిందా?"

తప్పెలా అవుతుంది.
దూరం నుంచి వచ్చేవాళ్లు ఆలస్యంగా వస్తారు.
ఆలస్యంగా వచ్చేవాళ్లకు ముదిరి ఉంటుంది.
యంత్రం క్యాన్సర్‌ని చదవలేదు,
బస్సు టైము చదివింది.
పత్తి అమ్ముడయ్యేదాకా ఆగిన నెలను,
ఆర్ఎంపీ పొట్లం కట్టిన నొప్పి బిళ్లల్ని,
'చూద్దాంలే'ని
ఒక్క చుక్కలో చదివేసి
నూటికి తొంభైయారుసార్లు నిజమే చెప్పింది.

చుక్కలన్నీ చెరిపి మొదటినుంచి నేర్పాం.
డెబ్బైతొమ్మిది.
సార్ బాదుషా మాట ఎత్తలేదు.
కానీ ఈ డెబ్బైతొమ్మిది
తడుముకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ,
నా మీద ఒట్టు, కండనే చూసి చెబుతోంది.
ఫిర్దౌస్‌కి ఫోన్ చేశాను:
చుక్క మానొద్దు,
పలక మీద కాకుండా కవరు మీద పెట్టమని.

నిన్న రెండో విడత పత్రాలొచ్చాయి.
నాలుగు వందల పదిహేడు.
సగం నాలుక తీసేశారు. మాట లేదు.
'ఇంకేమైనా చెప్పదలిచారా' అన్న గడిలో
వణుకు లేని ఎర్ర సిరా:

మీ కరపత్రంలో రెండో పంక్తి
'ముందు వస్తే మందు ఉంది' అని కదా ఉండాలి.
'మందు వస్తే' అని పడింది.
మొదటి మకారానికి కొమ్ము లేదు.
దిద్దగలరు.

శాలువా కుర్చీలో పడేసి బయటికొచ్చి
ప్రెస్సుకు ఫోన్ చేశాను.
పదివేల ప్రతులు, మేడమ్,
పొద్దున్నే బస్సుల్లో వేసేశాం, అన్నాడు.